సీప్యాప్ లేకుండా స్లీప్ ఆప్నియా: దవడ పరికరాలు, ముక్కు కవాటాలు, గొట్టాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

సీప్యాప్ మిషన్ పెట్టుకోలేకపోతున్నాను. నిజంగా వేరే దారి ఉందా?

ఉంది. కానీ అందరికీ కాదు. స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో పదేపదే ఊపిరి ఆగడం, ఎక్కువగా గొంతు మూసుకుపోయి. అలా మూసుకుపోకుండా గొంతును లోపల నుంచి గాలి ఒత్తిడితో తెరిచి ఉంచేది సీప్యాప్. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ ఈ పద్ధతిని ప్రకటించినప్పటి నుంచి ఆప్నియా సంఖ్యను తగ్గించడంలో దాన్ని మించింది రాలేదు. మిగతా పరికరాలన్నీ అదే దారిని వేరే చోట పట్టుకుని తెరవడానికి చూస్తాయి: కొన్ని కింది దవడను ముందుకు లాగుతాయి, కొన్ని నాలుకను పట్టుకుంటాయి, కొన్ని ఊపిరి వదిలేటప్పుడు ముక్కు దగ్గర అడ్డం పెడతాయి, ఒకటి ఏకంగా గొంతు దాకా గొట్టం వేస్తుంది. మీ గొంతు మూసుకునే చోటు, ఆ పరికరం పనిచేసే చోటు ఒకటే అయితే ఫలితం బాగుంటుంది. లేకపోతే డబ్బు దండగ.

ఒక మాట. మిషన్ వదిలేయాలనుకునే చాలామందికి అసలు ఇబ్బంది మిషన్‌తో కాదు, మాస్క్‌తో. ముక్కు పూర్తిగా కప్పే మాస్క్‌కు బదులు ముక్కు రంధ్రాల దగ్గర ఆనే పిల్లో మాస్క్, గాలిలో తేమ కలిపే హ్యూమిడిఫయర్, ముక్కుదిబ్బడకు మందు, ఈ మూడూ చూడకుండా మిషన్‌ను అటక ఎక్కించకండి.

నా నిద్ర పరీక్ష రిపోర్టులో ఏ అంకెలు చూడాలి?

మొదటిది ఏహెచ్‌ఐ. గంటకు ఎన్నిసార్లు కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగిందో లేదా బాగా తగ్గిందో చెప్పే లెక్క. పెద్దవాళ్ళలో 5 లోపు మామూలు. 5 నుంచి 15 లోపు తక్కువ స్థాయి. 15 నుంచి 30 లోపు మధ్యస్థం. 30, ఆపైన తీవ్రం. రెండోది ఓడీఐ, రక్తంలో ఆక్సిజన్ గంటకు ఎన్నిసార్లు 3 లేదా 4 శాతం పడిందో చెబుతుంది. మూడోది రాత్రంతటిలో ఆక్సిజన్ ఎంత కిందికి దిగింది, 90 శాతం కంటే కింద ఎన్ని నిమిషాలు ఉంది.

చాలామంది చూడనిది నాలుగోది: వెల్లకిలా పడుకున్నప్పటి ఏహెచ్‌ఐ వేరుగా, పక్కకు తిరిగినప్పటిది వేరుగా. పరికరం ఎంచుకోవడంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. రిపోర్టులో లేకపోతే ల్యాబ్‌ను అడగండి. శరీర భంగిమ సెన్సర్ పెట్టి ఉంటే ఆ లెక్క వాళ్ళ దగ్గర ఉంటుంది.

ఐదోది, ఆప్నియాలు గొంతు మూసుకునే అబ్‌స్ట్రక్టివ్ రకమా, సెంట్రల్ రకమా అన్నది. సెంట్రల్ అంటే గొంతు మూసుకోవడం లేదు, ఊపిరి తీసుకోమని మెదడే చెప్పడం లేదు. ఈ పేజీలో ఉన్న ఏ పరికరమూ దానికి పనికిరాదు.

ఈ ప్రయోగాలు ఎవరు చేయకూడదు?

గుండె వైఫల్యం, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), పగలు కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండే స్థూలకాయ సమస్య, సెంట్రల్ ఆప్నియా, రాత్రి ఆక్సిజన్ చాలాసేపు 90 కంటే కింద ఉండడం – ఇవి ఉన్నవాళ్ళు మిషన్ ఆపి సొంతంగా ఏదీ ప్రయత్నించకూడదు. లారీ, బస్సు, టాక్సీ నడిపేవాళ్ళు, ఎత్తుమీద పనిచేసేవాళ్ళు కూడా కొత్త పరికరం పనిచేస్తోందని పరీక్షలో తేలేదాకా పాత చికిత్స ఆపకూడదు. ఏహెచ్‌ఐ 30 దాటినవాళ్ళకు దవడ పరికరం నిషేధమేమీ కాదు, కానీ అది మిషన్ వాడలేకపోయిన తరువాత, డాక్టర్‌కు తెలిసి వేసే రెండో అడుగు.

సీప్యాప్ ఏహెచ్‌ఐని ఎక్కువ తగ్గిస్తుంది కదా, తక్కువ తగ్గించేది ఎందుకు వాడాలి?

పరీక్ష రాత్రి అంకె వేరు, ఇంట్లో రాత్రంతా కలిపి పడే అంకె వేరు కాబట్టి. ఏహెచ్‌ఐ 30 ఉన్న మనిషిని తీసుకోండి. మిషన్ పెడితే 4కి దిగుతుంది, కానీ 8 గంటల నిద్రలో 4 గంటలే పెట్టుకుని తీసేస్తున్నారు. అప్పుడు రాత్రి సగటు: (4×4 + 30×4) ÷ 8 = 17. అదే మనిషికి దవడ పరికరం 12కే దింపినా 7 గంటలు నోట్లో ఉంటే: (12×7 + 30×1) ÷ 8 = సుమారు 14. నాసిరకమనుకున్నదే నెగ్గింది. అయితే ఆ మనిషే మిషన్‌ను 7 గంటలు పెట్టుకుంటే సగటు 7కి వస్తుంది, అప్పుడు దవడ పరికరం పక్కన కూడా నిలవదు.

2013లో ప్రచురితమైన ఆస్ట్రేలియా అధ్యయనంలో 108 మంది రెండు చికిత్సలనూ ఒక్కో నెల వాడారు. ఏహెచ్‌ఐ మిషన్‌తో 4.5కి, దవడ పరికరంతో 11.1కి వచ్చింది. వాడకం మాత్రం మిషన్ రాత్రికి 5.2 గంటలు, దవడ పరికరం 6.5 గంటలు. నెల తరువాత రక్తపోటులో రెండిటికీ తేడా కనిపించలేదు. మీ మిషన్ మెమరీ కార్డులో సగటు వాడకం గంటలు ఉంటాయి. నిర్ణయం తీసుకునే ముందు ఆ అంకెతో పై లెక్క మీకు మీరే వేసుకోండి.

దవడ పరికరం లోపల ఏం చేస్తుంది?

పై పళ్ళకు ఒక తొడుగు, కింది పళ్ళకు ఒక తొడుగు. రెండిటినీ కలిపే భాగం కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నిలబెడుతుంది. నాలుకను పట్టి ఉంచే ప్రధాన కండరం కింది దవడ ఎముక లోపలి వైపు అతుక్కుని ఉంటుంది కాబట్టి దవడ ముందుకొస్తే నాలుక మొదలు కూడా దానితో వస్తుంది. అంగిలి వెనకున్న గొంతు గోడలు కూడా పక్కలకు సాగుతాయి. ఈ రెండో పని గురించి చాలామందికి తెలియదు కానీ, గొంతు అడ్డంగా వెడల్పవడమే ఎక్కువగా ఉపయోగపడేది.

స్థూలంగా మూడో వంతు మందికి ఆప్నియా దాదాపు పూర్తిగా తగ్గుతుంది, మూడో వంతుకు సగం తగ్గుతుంది, మిగతా వాళ్ళకు లాభం అంతంత మాత్రమే. బాగా పనిచేసే వాళ్ళలో సాధారణంగా కనిపించే లక్షణాలు: తక్కువ లేదా మధ్యస్థ ఆప్నియా, వెల్లకిలా పడుకుంటేనే ఎక్కువ కావడం, మరీ బరువు లేకపోవడం, వెనక్కి ఉన్న చిన్న గడ్డం. మన దగ్గర సన్నగా ఉండి కూడా ఆప్నియా వచ్చేవాళ్ళలో ఈ చిన్న దవడ తరచుగా కనిపిస్తుంది. అంగిలి దగ్గర గొంతు నలువైపుల నుంచీ సంచి మూతి బిగించినట్టు మూసుకునేవాళ్ళకు ఇది సరిగా పనిచేయదు. ఆ సంగతి బయటి నుంచి తెలియదు; మత్తిచ్చి నిద్ర పుచ్చి కెమెరాతో చూసే స్లీప్ ఎండోస్కోపీలోనే తెలుస్తుంది.

నా పళ్ళకు సరిపోతుందా?

పై వరుసలో, కింది వరుసలో కనీసం 8 చొప్పున గట్టి పళ్ళు ఉండాలి. వెనక దంతాలు కొన్ని ఉంటే ఇంకా మంచిది. కింది దవడను కనీసం 5 మిల్లీమీటర్లు ముందుకు జరపగలగాలి. అద్దం ముందు నిలబడి కింది పళ్ళను పై పళ్ళ కంటే ముందుకు తేగలరా చూడండి. అలా తెస్తుంటే చెవి ముందు నొప్పి పుట్టినా, దవడ పట్టేసినా ముందు డెంటిస్ట్‌కు చూపించాలి. చిగుళ్ళ వ్యాధితో కదిలే పళ్ళు, వదులైన క్యాప్‌లు, ఈ మధ్య పెట్టిన ఇంప్లాంట్లు, జరుగుతున్న క్లిప్పుల చికిత్స ఉంటే ఆగండి. పరికరం రాత్రంతా పళ్ళను ఆసరా చేసుకునే దవడను లాగుతుంది. వదులు పన్ను దానికి తట్టుకోదు.

ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికే మౌత్‌పీస్ కొని చూడొచ్చా?

దవడను ముందుకు పెట్టుకుని పడుకోవడం అసలు మీ వల్ల అవుతుందా అని తెలుసుకోవడానికైతే చూడొచ్చు. శాశ్వత చికిత్సగా కాదు. ఇది మందంగా ఉంటుంది, పళ్ళకు గట్టిగా పట్టదు, నిద్రలో ఊడుతుంది. ముఖ్యంగా, ఇది పనిచేయకపోతే దవడ పద్ధతే మీకు పనికిరాదని అర్థం కాదు. కొలతకు చేయించినది పనిచేసే అవకాశం అప్పటికీ ఉంటుంది.

కొనేటప్పుడు ఒకే ముద్దగా ఉండే రకం వద్దు. పై, కింది భాగాలు వేరుగా ఉండి, పక్కన మిల్లీమీటరు గీతలు ఉండి, ముందుకు జరుపుకునే వీలున్నదే తీసుకోండి.

అచ్చు ఎలా వేసుకోవాలి?

అందులో వచ్చిన కాగితంలో ఉన్న సెకన్లే ప్రమాణం. కంపెనీని బట్టి ప్లాస్టిక్ మారుతుంది. సాధారణ క్రమం ఇది. గిన్నెలో నీళ్ళు మరిగించి స్టవ్ కట్టేయండి. మంట మీద ఉన్న గిన్నెలో వేస్తే అడుగు తగిలి తొడుగు వంకరపోతుంది. గరిటెతో పట్టుకుని చెప్పినంత సేపు ముంచండి, నీళ్ళు దులపండి, పెదాలు కాలకుండా ఒకటి రెండు సెకన్లు ఆగి నోట్లో పెట్టుకోండి. పై పళ్ళు ముందు కూర్చోవాలి. తరువాత కింది దవడను, మీరు గరిష్ఠంగా జరపగలిగిన దానిలో సగం దాకా మాత్రమే ముందుకు తెచ్చి నిదానంగా కొరకండి. బలంగా కొరికితే పన్ను ప్లాస్టిక్‌ను చీల్చుకుని అడుగు దాకా పోతుంది, ఆ చోట వారంలో చిల్లు పడుతుంది. బయటి నుంచి వేళ్ళతో బుగ్గల మీదుగా, లోపల నాలుకతో అదుముతూ అర నిమిషం ఉంచి, తీసి చన్నీళ్ళలో వేయండి.

తలకిందులు చేసినా పై పళ్ళ నుంచి జారిపడకపోతే పట్టు వచ్చినట్టే. రాకపోతే మళ్ళీ వేడి చేయొచ్చు, కానీ రెండు మూడు సార్ల తరువాత ప్లాస్టిక్‌కు పట్టు పోతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు మొదటి రోజే దవడను చివరిదాకా ముందుకు తెచ్చి అచ్చు వేయడం. తెల్లారేసరికి దవడ నొప్పి, ఆ తరువాత పరికరం డబ్బాలోకి.

డెంటిస్ట్ దగ్గర చేయించుకుంటే ఏం అడగాలి?

కొలతకు చేసినది, ముందుకు వెనక్కి జరుపుకునే వీలున్నది కావాలని అడగండి. అమెరికా స్లీప్ మెడిసిన్ అకాడమీ 2015 మార్గదర్శకాలు కూడా ఈ రకాన్నే సూచించాయి. గురక కోసం అని ఒకే ముక్కగా చేసి ఇచ్చేవి ఉంటాయి, వాటిని తరువాత జరపలేం. పళ్ళు కొరికే అలవాటుంటే ముందే చెప్పండి. పక్కన స్టీలు కడ్డీలున్న రకమా, రెక్కలున్న రకమా, రబ్బరు పట్టీల రకమా అన్నది దాని మీద ఆధారపడుతుంది. దవడను ఏ స్థానంలో కొలిచారో, ఎన్ని మిల్లీమీటర్ల జరుగుబాటు మిగిలి ఉందో కాగితం మీద రాయించుకోండి.

నోరు తెరుచుకోవడం గురించి కూడా అడగండి. పరికరం దవడను ముందుకు నెట్టినా, నిద్రలో నోరు బార్లా తెరుచుకుంటే దవడ కిందికి తిరిగి నాలుక మళ్ళీ వెనక్కే పోతుంది. ఇరుపక్కలా చిన్న ఎలాస్టిక్ రబ్బర్లు తగిలించుకునే కొక్కేలు ఉంటే ఈ చిక్కు తీరుతుంది.

ఎంత ముందుకు, ఎంత త్వరగా జరపాలి?

పూర్తి వెనక నుంచి పూర్తి ముందుకు పెద్దవాళ్ళ దవడ 10 నుంచి 13 మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. అందులో సగంతో, అంటే సుమారు 5 లేదా 6 మిల్లీమీటర్లతో మొదలుపెడతారు. మొదటి వారం, రెండు వారాలు అక్కడే ఉంచి అలవాటు పడాలి. ఆ తరువాత వారానికి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. స్క్రూ ఉన్న వాటిలో ఒక తిప్పుకు కొన్నిట్లో 0.25, కొన్నిట్లో 0.1 మిల్లీమీటరు కదులుతుంది. మీది ఏదో అడగకుండా తిప్పకండి. రెండు వైపులా సమానంగా తిప్పాలి. ఒకవైపు మర్చిపోతే దవడ వంకరగా లాగి ఒక చెవి ముందు మాత్రమే నొప్పి వస్తుంది. ఆ ఒంటివైపు నొప్పి కనిపిస్తే మొదట చూడాల్సింది స్క్రూల తేడానే.

నొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి వచ్చి మూడు నాలుగు రాత్రులు ఆగండి. సాధారణంగా గరిష్ఠంలో 70 శాతం చుట్టూ ఆగుతారు. ఎంత ముందుకైతే అంత మంచిదన్నది నిజం కాదు. ఒక హద్దు దాటాక నొప్పి పెరుగుతుంది, ఆప్నియా తగ్గదు.

పొద్దున్నే పళ్ళు కలవడం లేదు. భయపడాలా?

తీసిన వెంటనే వెనక పళ్ళు ఆనకపోవడం మామూలే. రాత్రంతా ముందుకు ఉండి దవడ కండరం బిగుసుకుని ఉంటుంది. డెంటిస్ట్ ఇచ్చే పొద్దుటి అచ్చును 10–15 నిమిషాలు కొరికి ఉంచితే సర్దుకుంటుంది. టిఫిన్ వేళకైనా కలవాలి. మధ్యాహ్నం దాకా కలవకపోతే పరికరం వాడడం ఆపి డెంటిస్ట్‌ను కలవండి.

ఇంకోటి నెమ్మదిగా వచ్చేది, అద్దంలో కనిపించనిది. ఏళ్ళ తరబడి వాడితే పై ముందు పళ్ళు కొద్దిగా లోపలికి, కింది ముందు పళ్ళు కొద్దిగా బయటికి వాలతాయి. ఇది వెనక్కి రాకపోవచ్చు. అందుకే మొదటి రోజు పళ్ళ ఫొటో, అచ్చు తీయించి పెట్టుకోవాలి. మొదటి ఏడాది ప్రతి ఆరు నెలలకు, తరువాత ఏడాదికోసారి పోల్చి చూపించుకోవాలి.

నోట్లో నీరు ఊరుతోంది, లేదా ఎండిపోతోంది.

ఊరడం మొదటి రెండు వారాల్లో తగ్గుతుంది. ఎండిపోతుంటే నోటితో ఊపిరి తీస్తున్నారు. ముక్కు సంగతి చూడండి.

నాకు పళ్ళు లేవు, కట్టుడు పళ్ళు. ఏం చేయాలి?

నాలుకను పట్టే పరికరం ఉంది. మెత్తని సిలికాన్‌తో చేసిన చిన్న బుడగ, పెదాల బయట ఆనే అంచు. బుడగను వేళ్ళతో నొక్కి గాలి తీసి, నాలుక కొనను లోపలికి పెట్టి వదిలితే చప్పరింపు పట్టుతో నాలుక ముందుకు నిలుస్తుంది. కట్టుడు పళ్ళు తీసేసే పడుకోవచ్చు. బుడగను పూర్తిగా నొక్కి పెడితే నాలుక కొన ఊదా రంగుకు తిరుగుతుంది, పొద్దున్నకు మొద్దుబారుతుంది. సగం నొక్కితే చాలు. మొదట్లో సాయంత్రం టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. నాలుక కింద సన్నని తీగ పళ్ళ అంచుకు రాసుకుని పుండు పడడం, తెల్లవారుజామున జారిపోవడం దీని రెండు పెద్ద ఇబ్బందులు. దవడ పరికరంతో పోలిస్తే దీన్ని వాడడం కొనసాగించేవాళ్ళు తక్కువ. ఇది పెట్టుకున్నప్పుడు నోటితో ఊపిరి సరిగా ఆడదు, ముక్కు బాగుంటేనే ప్రయత్నించాలి.

ముక్కులో పెట్టుకునే చిన్న కవాటాలు పనిచేస్తాయా?

కొందరికి బాగానే. ఈప్యాప్ అనే ఈ రకం పరికరంలో ఒక్కో ముక్కు రంధ్రానికి ఒక కవాటం ఉంటుంది. లోపలికి పీల్చేటప్పుడు తెరుచుకుంటుంది, వదిలేటప్పుడు మూసుకుని సన్నని రంధ్రాల గుండానే గాలి పోనిస్తుంది. వదిలే గాలికి అడ్డం పడడంతో గొంతులో కాస్త ఒత్తిడి నిలుస్తుంది. ఊపిరి వదలడం ముగిసే ఆ క్షణంలోనే గొంతు మూసుకోవడానికి వీలుంటుంది, సరిగ్గా అప్పుడే అది ఆసరా ఇస్తుంది. కరెంటు లేదు, శబ్దం లేదు.

పెట్టుకోగానే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. చిట్కా ఒక్కటే: మెలకువగా ఉన్నంతసేపు ముక్కుతో పీల్చి నోటితో వదలండి. నిద్ర పట్టాక ఊపిరి దానంతటదే ముక్కుకు మళ్ళుతుంది. మూడు నాలుగు రాత్రుల్లోనే చాలామంది వదిలేస్తారు, వారం నిలబడితే అలవాటవుతుంది. పక్కల నుంచి గాలి కారితే ఏమీ పనిచేయదు. అద్దం పట్టి ఊపిరి వదిలి, అంచుల దగ్గర ఆవిరి పట్టకుండా మధ్య రంధ్రాల దగ్గరే పడుతోందా చూసి సైజు మార్చుకోండి. నోటితో ఊపిరి తీసేవాళ్ళకు, జలుబు ఉన్న రోజుల్లో ఇది వృథా. తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, గుండె వైఫల్యం, బాగా తక్కువ బీపీ, చెవి ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళు వాడకూడదు.

ముక్కులోంచి గొంతు దాకా వేసుకునే గొట్టం గురించి చదివాను. ఇంట్లో చేయొచ్చా?

ఆపరేషన్ థియేటర్లలో, అంబులెన్సుల్లో వాడే నేసోఫారింజియల్ ఎయిర్‌వే ఇది. మెత్తని సిలికాన్ గొట్టాన్ని ముక్కు నుంచి అంగిలి వెనకగా దాటించి నాలుక మొదలు దాకా దింపితే, చుట్టూ గొంతు మూసుకున్నా గాలి గొట్టంలోంచి ఆడుతుంది. ఆలోచనగా తిరుగులేనిది. రాత్రి తరువాత రాత్రి నిద్రపోవడమే కష్టం.

అంతా పొడవులో ఉంది. పొట్టిదైతే అంగిలి వెనకే ఆగిపోయి నాలుక అడ్డాన్ని దాటదు. పొడవైతే స్వరపేటిక మూతకు తగిలి దగ్గు, ఓకరింపు తెస్తుంది. ముక్కు కొన నుంచి చెవి ముందున్న చిన్న మృదులాస్థి దాకా కొలిచేది ప్రాథమిక అంచనా మాత్రమే. సరిగ్గా ఎక్కడ ఆగిందో ఈఎన్‌టీ డాక్టర్ సన్నని కెమెరాతో చూసి చెప్పగలరు. లోపలి వ్యాసం ఆడవాళ్ళకు సాధారణంగా 6 లేదా 7, మగవాళ్ళకు 7 లేదా 8 మిల్లీమీటర్లు. ఇంత సన్నని గొట్టంలో కాస్త చీమిడి ఎండినా గాలి సగానికి పడిపోతుంది. అందుకే మొదట్లో బాగా పనిచేసి తెల్లవారుజామున గురక మళ్ళీ మొదలవుతుంది.

మొదటిసారి ఈఎన్‌టీ గదిలోనే వేయించుకోవాలి, ఇంట్లో వీడియో చూసి కాదు. నేర్చుకున్న తరువాత కూడా కొన్ని నియమాలున్నాయి. నీళ్ళలో కరిగే జెల్లీయే రాయాలి, వాజలిన్ వద్దు. నూనె లాంటి పదార్థం ఊపిరితిత్తుల్లోకి జారితే హాని. గొట్టాన్ని పైకి కాదు, ముక్కు లోపలి అడుగు భాగానికి సమాంతరంగా నేరుగా వెనక్కి నెట్టాలి. అడ్డం తగిలితే బలవంతం చేయకుండా రెండో రంధ్రం చూడాలి. బయటి అంచు ముక్కు రంధ్రం కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే నిద్రలో లోపలికి జారిపోయే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ముక్కు నుంచి రక్తం కారే అలవాటున్నవాళ్ళు, ముఖానికి, పుర్రె అడుగుకు దెబ్బ తగిలినవాళ్ళు దీని జోలికి పోకూడదు. మా అభిప్రాయం అడిగితే, మిగతావన్నీ ప్రయత్నించి కుదరని వాళ్ళకు, అదీ డాక్టర్ చేతుల మీదుగా.

నాసల్ స్ట్రిప్, నోటికి టేపు, గడ్డం పట్టీ?

స్ట్రిప్ ముక్కును తెరుస్తుంది, ఆప్నియాను తగ్గించదు. దవడ పరికరానికి, కవాటాలకు తోడుగా పనికొస్తుంది. గడ్డం పట్టీ ఒక్కటే చికిత్స కాదు, పైగా దవడను వెనక్కి లాగేలా బిగిస్తే చెడు చేస్తుంది. నోటికి టేపు వేసుకోవద్దు. ఆప్నియా ఉన్నవాళ్ళకు ముక్కు మూసుకున్న క్షణంలో నోరే ఆఖరి దారి, వాంతి వస్తే మరీ ప్రమాదం.

ముక్కుదిబ్బడకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆక్సిమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ చుక్కలను మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడకండి. ఆపగానే దిబ్బడ రెట్టింపై కూర్చుంటుంది. ఎలర్జీ ఉంటే డాక్టర్ రాసే స్టెరాయిడ్ స్ప్రేనే సరైనది, అది పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది.

పక్కకు తిరిగి పడుకుంటే చాలదా?

వెల్లకిలా ఏహెచ్‌ఐ, పక్కకు ఉన్నప్పటి దానికి కనీసం రెట్టింపు ఉంటే భంగిమ మీద ఆధారపడ్డ ఆప్నియా అంటారు. పక్కకు ఉన్నప్పుడు 5 లోపే ఉంటే భంగిమ ఒక్కటే సరిపోవచ్చు. బనియను వీపు మధ్యలో జేబు కుట్టి టెన్నిస్ బంతి పెట్టడం పాత పద్ధతి, పనిచేస్తుంది కూడా, కానీ వీపు నొప్పికి చాలామంది మానేస్తారు. మెడకో ఛాతీకో కట్టుకుని వెల్లకిలా తిరగగానే వణికే పరికరాలు దానికంటే మేలు. పక్కకు ఉన్నప్పుడు కూడా 18, 20 ఉంటే బంతితో కాలక్షేపం చేయొద్దు. దవడ పరికరంతో కలిపి వాడితే మాత్రం రెండూ ఒకదానికొకటి కలిసొస్తాయి.

వ్యాయామాలు, శంఖం, నాలుకకు కరెంటు?

మూడిటి పనీ ఒకటే: నాలుక, గొంతు కండరాలకు పని చెప్పడం. 2009లో బ్రెజిల్ అధ్యయనంలో మూడు నెలల గొంతు వ్యాయామాలతో మధ్యస్థ ఆప్నియా ఉన్నవాళ్ళ ఏహెచ్‌ఐ 22 నుంచి 14 దగ్గరికి వచ్చింది. జైపూర్‌లో 30 మందితో జరిగి 2025లో ప్రచురితమైన చిన్న అధ్యయనంలో ఆరు నెలలు క్రమంగా శంఖం ఊదినవాళ్ళకు పగటి మగత, ఆప్నియాలు కొంత తగ్గాయి. పట్టుదల ఉంటే తోడుగా చేయండి, దాని కోసం మరో చికిత్స ఆపకండి.

పగటిపూట నాలుక మీద పెట్టుకునే, కండరానికి కొద్దిపాటి కరెంటు ఇచ్చే స్టిమ్యులేటర్‌కు 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గురకకు, తక్కువ స్థాయి ఆప్నియాకు అనుమతి ఇచ్చింది. రోజుకు 20 నిమిషాల చొప్పున 6 వారాలు, తరువాత వారానికోసారి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు పనికిరాదు.

ఆపరేషన్, ఇంప్లాంటు, బరువు మందులు?

ఛాతీ చర్మం కింద పెట్టి నాలుక నరానికి సంకేతం పంపే ఇంప్లాంటుకు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. అక్కడ ఉండే తెలుగువాళ్ళు ఇన్సూరెన్సుతో చేయించుకుంటున్నది ఇదే. గొంతు నలువైపులా మూసుకునేవాళ్ళకు పెట్టరు. టాన్సిల్స్ పెద్దవిగా ఉంటే తీయించడం ఇప్పటికీ మంచి మార్గమే. బరువుతో వచ్చిన మధ్యస్థ, తీవ్ర ఆప్నియాకు టిర్‌జెపటైడ్ ఇంజెక్షన్‌ను ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో ఆమోదించింది. ఆ మందు 2025 నుంచి భారతదేశంలోనూ దొరుకుతోంది. కానీ ప్రభావానికి నెలలు పడుతుంది, ఈలోగా రాత్రులు ఏదో ఒక ఆసరాతో గడవాలి.

గురక ఆగిపోయిందని మా ఇంట్లోవాళ్ళు అంటున్నారు. నయమైనట్టే కదా?

కాదు. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోమంటే ఇదే గుర్తుంచుకోమంటాం. గురక అంటే గాలి కదులుతోందని. ఊపిరి పూర్తిగా ఆగినప్పుడు కూడా గది నిశ్శబ్దంగానే ఉంటుంది. పరికరాలు తరచుగా శబ్దాన్ని ముందు తగ్గిస్తాయి, ఆప్నియాను సగమే తగ్గిస్తాయి. పగటి మగత తగ్గడం కూడా పూర్తి సాక్ష్యం కాదు.

దవడ జరపడం పూర్తయ్యాక, పరికరం పెట్టుకునే నిద్ర పరీక్ష మళ్ళీ చేయించాలి. ఇంటికి తెచ్చిచ్చే హోమ్ స్లీప్ టెస్టు చాలు. ఏహెచ్‌ఐ 5 లోపుకు వస్తే హాయి. 10 లోపుకు వచ్చి మొదటి దానిలో సగమైనా తగ్గి, ఆక్సిజన్ నిలకడగా ఉంటే డాక్టర్ కొనసాగించమనవచ్చు. అంతకంటే ఎక్కువ ఉంటే ఇంకా జరపడమో, భంగిమ కలపడమో, మిషన్‌కు తిరిగి వెళ్ళడమో తేల్చుకోవాలి.

మధ్యలో ఇంట్లో చూసుకోవడానికి కోవిడ్ నాటి ఆక్సిమీటర్ సరిపోతుందా?

వేలికి పెట్టి అంకె చూసే రకం సరిపోదు. మెలకువ రాగానే ఆక్సిజన్ మామూలుకొస్తుంది, మీరు చూసేటప్పుడు 97 ఉంటుంది. రాత్రంతా కొన్ని సెకన్లకోసారి నమోదు చేసి ఫోన్‌లో గ్రాఫ్ ఇచ్చే ఉంగరం లేదా మణికట్టు రకం కావాలి. ప్రతి మార్పుకు ముందు మూడు రాత్రులు, తరువాత మూడు రాత్రులు తీసి ఓడీఐ పోల్చండి. ఒక్క రాత్రితో ఏమీ తేల్చకండి, మద్యం తాగిన రాత్రిని లెక్కలోంచి తీసేయండి. గ్రాఫ్‌లో రంపపు పళ్ళ లాంటి గుంపులు కనిపించే సమయాలు రాసుకోండి. తెల్లవారుజామున గుంపులుగా వస్తుంటే కలలు వచ్చే నిద్ర దశలో గొంతు ఇంకా పడిపోతోందన్నమాట. నెయిల్ పాలిష్, చల్లబడ్డ వేళ్ళు అంకెలను తప్పుదారి పట్టిస్తాయి. ఆక్సిజన్ పడకుండానే నిద్ర చెదిరిపోయే సంఘటనలను ఇది పట్టుకోదు కాబట్టి ఇది దారి చూపడానికే, ఆఖరి తీర్పుకు కాదు.

ఏదైనా ఆపరేషన్ ఉంటే?

మత్తు డాక్టర్‌కు ఆప్నియా ఉందని ముందే చెప్పండి, పరికరాన్ని, పాత మిషన్‌ను ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళండి. మత్తు, నొప్పి మందుల ప్రభావంలో గొంతు మామూలు కంటే ఎక్కువగా పడిపోతుంది.

ఎలా శుభ్రం చేయాలి, ఎన్నాళ్ళు వస్తుంది?

పొద్దున తీయగానే చన్నీళ్ళు, మెత్తని బ్రష్, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు. టూత్‌పేస్టు వద్దు, గరుకు గీతలు పడి అందులో వాసన చేరుతుంది. వేడినీళ్ళు అసలు వద్దు, ఆకారం మారుతుంది. వారానికి ఒకటి రెండు సార్లు కట్టుడు పళ్ళ మాత్ర వేసిన నీళ్ళలో నానబెట్టండి. స్టీలు భాగాలున్న వాటికి తుప్పు పట్టించని మాత్రేనా అని చూసుకోండి. పూర్తిగా ఆరాకే గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి. ఎండాకాలంలో కారులో వదిలేయొద్దు. ఇంట్లో కుక్క ఉంటే డబ్బా దానికి అందని చోట పెట్టండి. లాలాజలం వాసనకు కుక్కలు వీటిని నమిలేస్తాయి, డెంటిస్టులు పరికరం మళ్ళీ చేయాల్సి రావడానికి ఇది మామూలు కారణమే.

వేడినీళ్ళ రకం కొన్ని నెలలు, కొలతకు చేయించినది సాధారణంగా కొన్నేళ్ళు వస్తుంది. కొత్త క్యాప్ వేయించుకునే ముందు డెంటిస్ట్‌కు పరికరం చూపించండి; పన్ను ఆకారం కాస్త మారినా తొడుగు మళ్ళీ కూర్చోదు.